మందల బాటన ఒక రోజు

శనివారం రాత్రి. స్పెయిన్‌లోని క్వేవాస్ దెల్ వాయె ఊరు.

తొడలు రెండూ పట్టేశాయి. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాల్సి వస్తోంది. అయినా ఇవాళ్టి సంగతి ఇవాళే రాసుకోవాలి. చెల్లి స్నానం చేసి, జుట్టు ఆరకుండానే పడుకుంది. మాడ్రిడ్‌లో చదువుకుంటున్న తనే ఈ ప్రయాణం కుదిర్చింది. గ్రేదోస్ కొండల్లో గుర్రాల మీద ఊరి నుంచి ఊరికి పోవడం, పొద్దుగూకేసరికి చేరిన ఊళ్ళో పడుకోవడం. సామాన్లు వ్యానులో వస్తాయి.

పొద్దున్న శాన్ మార్తీన్ దెల్ పింపొయార్‌లో జీన్లు కట్టాం. జూన్ నెల అయినా కొండమీద చలి, గుర్రాల ముక్కుల్లోంచి ఆవిరి. నా గుర్రం పేరు లూసెరా. ముదురు గోధుమరంగు ఆడగుర్రం, నుదుట తెల్లచుక్క. బ్రష్షుతో ఒళ్ళు రుద్దుతుంటే కింది పెదవి వేలాడేసి, కళ్ళు సగం మూసి, అరగంటైనా అలాగే నిలబడేలా ఉంటుంది. గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తీసేటప్పుడు మాత్రం తన బరువంతా నామీదే వేస్తుంది.

ఇక్కడి పశువుల కాపర్ల జీను నాకెంతో నచ్చింది. ముందూ వెనకా ఎత్తుగా లేచి ఉంటుంది, మధ్యలో గొర్రెతోలు పరుస్తారు. రికాబులు వెడల్పాటి ఇనప డొప్పలు, పాదం నిండుగా ఆనుతుంది. గుర్రం నుదుటి మీద వేలాడే తోలు కుచ్చులు, తల ఊపినప్పుడల్లా ఈగల్ని తోలుతాయి. కళ్ళేలు రెండూ ఎడమచేతిలోనే పట్టుకోవాలి. కుడిచెయ్యి పశువుల్ని అదిలించే పొడుగాటి కర్రకి. ఎడమకి తిరగాలంటే కుడివైపు కళ్ళెం మెడకి అలా తగిలితే చాలు, గుర్రం తిరిగిపోతుంది. పొద్దస్తమానం మంద వెనక తిరిగేవాళ్ళు అనుభవం మీద కూర్చుకున్న పద్ధతి ఇది. అందుకే ఇన్ని గంటలు కూర్చున్నా నడుం నొప్పి రాలేదు. తొడలు వేరే సంగతి.

ఊరు దాటిన కాసేపటికి దారి ఉన్నట్టుండి వెడల్పయింది. అటూ ఇటూ ఎక్కడో దూరంగా పాత రాతిగోడలు, నడుమంతా గడ్డి.

“ఇందులో దారి ఎక్కడ?” అంది చెల్లి.

“ఇదంతా దారే,” అంది మా గైడు. యాభై దాటిన మనిషి, ఈ కొండల్లోనే పుట్టి పెరిగింది.

ఈ బాట పేరు కన్యాదా రియాల్ లెయొనేసా ఒక్సిదెంతాల్. ఉత్తరాన లెయోన్ కొండల నుంచి దక్షిణాన ఎస్త్రెమదూరా మైదానాల దాకా గొర్రెల మందలు నడిచిన బాట. వేసవిలో కొండకి, చలికాలంలో మైదానానికి. 1273లో కస్తీయ రాజ్యాన్ని ఏలిన పదో అల్ఫోన్సో ఈ కాపర్ల సంఘానికి హక్కుపత్రాలు ఇచ్చాడు. ఆ సంఘం పేరు మెస్తా. పెద్ద బాటలకి 90 ‘వారా’ల (అప్పటి స్పెయిన్ గజం) వెడల్పు ఉండాలని నియమం, ఇప్పటి కొలతలో 75 మీటర్లు. వేల గొర్రెలు మేసుకుంటూ నడవాలంటే ఆ మాత్రం చోటు కావాలి మరి. బాటని దున్నేసిన రైతుల్ని విచారించడానికి మెస్తాకి తన న్యాయాధికారులే ఉండేవారు. రైతులకి వాళ్ళంటే మంట ఉండడం సహజమే. కానీ మెరీనో జాతి గొర్రెల ఉన్ని రాజ్యానికి బోలెడు డబ్బు తెచ్చేది, రాజులు తరచుగా కాపర్ల పక్షమే మొగ్గారు.

1836లో మెస్తాని రద్దు చేశారు. సంఘం పోయింది, బాటలు ఉండిపోయాయి. కొన్నిచోట్ల రోడ్ల కింద పోయాయి, కొన్నిచోట్ల పొలాల్లో కలిసిపోయాయి. 1995లో వచ్చిన చట్టం మాత్రం గట్టిది. ఈ బాటలు ప్రజల ఆస్తి, వీటిని అమ్మడానికి వీల్లేదు, ఎన్నేళ్ళు ఆక్రమించుకుని కూర్చున్నా హక్కు రాదు. మొదటి హక్కు మందలది. వాటికి అడ్డం రాకుండా కాలినడకన పోయేవాళ్ళూ గుర్రాల మీద పోయేవాళ్ళూ వాడుకోవచ్చు. దేశం మొత్తం మీద ఇలాంటివి సుమారు 1,25,000 కిలోమీటర్లు ఉన్నాయి. అంటే ఇవాళ నేను గేట్లు తియ్యకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా కొండ దాటానంటే అది గొర్రెల పుణ్యం. ఈ సంగతి తెలిశాక జీను మీద కూర్చోవడమే వేరేగా అనిపించింది. సెలవుకి వచ్చినదాన్ని కాస్తా ఎవరో ఎప్పుడో నడిచిన వరసలో చేరిపోయాను.

గడ్డి మెత్తగా ఉన్నచోట గుర్రాల్ని కాసేపు దౌడు తీయించాం. లూసెరాకి చెప్పక్కర్లేదు, ముందు గుర్రం కదిలితే తనూ కదులుతుంది. కొండవాలు నిండా పియోర్నో పొదలు, పచ్చటి పసుపు పూలు, తేనెవాసన. జీన్లకీ మా ప్యాంట్లకీ ఆ పుప్పొడి ఇంకా అంటుకునే ఉంది. పైన రాబందులు తిరుగుతున్నాయి, రెక్క కదపకుండా. చిన్నప్పుడు మా ఊరి చెరువుగట్టు మీద చూశాను, ఆ తర్వాత ఇదే చూడడం. పశువులకి వాడిన డైక్లోఫెనాక్ మందు మన దేశంలో వాటిని ఊడ్చేసింది. తలెత్తి చాలాసేపు చూశాను, మెడ నొప్పి పుట్టేదాకా.

పన్నెండు దాటాక ప్వెర్తో దెల్ పీకో కనుమకి చేరాం. దాదాపు 1,400 మీటర్ల ఎత్తు. అక్కడ నిలబడితే దక్షిణాన నేల ఒక్కసారిగా కిందకి పడిపోతుంది. లోయలో ఐదు ఊళ్ళు, మోంబెల్త్రాన్ కోట, పైన్ చెట్లు, ఇంకా కిందకి ఆలివ్ తోటలు. గుర్రాలకి నీళ్ళు పట్టి, రొట్టెలో బంగాళాదుంపల ఆమ్లెట్ పెట్టుకుని తింటున్నాం. కింద నుంచి గంటల చప్పుడు వినపడింది.

గైడు చెయ్యి ఎత్తి, మమ్మల్ని గుర్రాలతో సహా పక్కకి జరగమంది. “ఆవులు వస్తున్నాయి. గుర్రాల తలలు అటు తిప్పండి. చూస్తే బెదరవు.”

ముందు పెద్ద గంటలు కట్టిన ఎద్దులు వచ్చాయి. వాటి వెనక మంద, ఒక్కటి కూడా వేరే రంగుది లేదు, అన్నీ నల్లనివే. అవిలా నల్ల జాతి. ఎస్త్రెమదూరాలో మే నెలాఖరుకి గడ్డి ఎండిపోతుంది. అదే సమయానికి ఇక్కడ మంచు కరిగి కొండ పచ్చబడుతుంది. అందుకే ఇప్పటికీ కొన్ని కుటుంబాలు రోజుల తరబడి నడిపించి తీసుకొస్తాయి. గొర్రెలు చాలావరకు లారీలెక్కేశాయి కానీ ఈ ఆవులు ఇంకా నడుస్తున్నాయి. దారి వాటికే తెలుసట, ముసలి ఆవులు ముందు పోతుంటే పడుచువి నేర్చుకుంటాయట. ఈ మందలోని చిన్న దూడల్ని మాత్రం బండిలో ముందే పంపేశారు. అందుకేనేమో తల్లులు ఆగకుండా అరుస్తూనే నడిచాయి.

వెనక గుర్రాల మీద కాపర్లు. ముఖాలు ఎండకి కమిలిపోయి, షర్టుల మీద తెల్లటి చెమట గీతలు. ఒకాయన వయసు డెబ్బైకి తక్కువ ఉండదు. మా పక్కనుంచి పోతూ టోపీ అంచు ముట్టుకుని, లూసెరా వైపు చూసి గైడుతో ఏదో అన్నాడు. మంచి గుర్రం అన్నాడని చెల్లి చెప్పింది. అది నా గుర్రం కాదు, అయినా నేను పొంగిపోయాను. మంద మొత్తం దాటడానికి చాలాసేపు పట్టింది. నేలంతా గిట్టల గుర్తులు, పేడ, నలిగిన గడ్డి. ఆ వాసనకి నాకు మా ఊరు గుర్తుకొచ్చింది.

మాది కృష్ణా డెల్టా. కోతలైపోయి పొలాలు ఖాళీ అయితే ఎక్కడెక్కడి నుంచో గొర్రెల మందలు వచ్చేవి. ఎరువు కోసం రైతులు రాత్రిళ్ళు తమ చేలో మంద కట్టించుకునేవాళ్ళు. దానికి డబ్బో ధాన్యమో ఇచ్చేవాళ్ళు. తాతయ్య చేలో మంద ఉన్న రాత్రి, కాపరికి అన్నం, పప్పుచారు మా ఇంటినుంచే వెళ్ళేవి. ఇప్పుడు ఊరికి వెళ్ళినప్పుడల్లా చూస్తున్నాను, ఆ మందలు హైవే అంచున నడుస్తాయి. ఒకవైపు లారీలు, ఒకవైపు కంచెలు వేసిన ప్లాట్లు. వాళ్ళ నడకా పాతదే, వాళ్ళ పని వల్ల మా చేలు పండాయి. వాళ్ళకి 75 మీటర్లు అక్కర్లేదు, రోడ్డు పక్కన పదడుగుల బాట రాసిచ్చినా చాలు. ఇవాళ కనుమ మీద నాకు కలిగిన సంతోషంలో ఈ బాధ కలిసే ఉంది. రాయకుండా ఉండలేను.

దిగేటప్పుడు రోమన్ల నాటి రాతిబాట. తర్వాతి శతాబ్దాల్లో మందల కోసం బాగుచేసుకుంటూ వచ్చారు. కొండని మెలికలు చుడుతూ దిగుతుంది, పక్కనే కార్ల రోడ్డు కూడా అలాగే మెలికలు తిరుగుతుంటుంది. రాళ్ళు అరిగి నున్నబడ్డాయి, లాడాలు జారతాయి. గైడు అందరినీ దింపేసింది. కళ్ళెం పట్టుకుని గుర్రం పక్కనే నడిచాం. లూసెరా ఒక్కో రాయినీ చూసుకుని అడుగు వేస్తుంది. తొందరపెట్టకుండా నేనూ అలాగే దిగాను. కొండకి ఆ వైపు చలి, ఈ వైపు ఎండ. కిందకి వచ్చేకొద్దీ చెస్ట్‌నట్ చెట్ల నీడ, ఎక్కడో నీళ్ళ చప్పుడు.

రాత్రి భోజనంలో మెదిపిన బంగాళాదుంపల కూర పెట్టారు, ఎర్రగా. వేయించిన పందిచర్మం ముక్కలు చెల్లికి వద్దంటే విడిగా ఇచ్చారు. ఆ ఎరుపు కొండకి దక్షిణాన లా వేరా అనే ప్రాంతంలో పండే మిరప. ఓక్ కట్టెల పొగలో రోజుల తరబడి ఆరబెట్టి పొడి కొడతారు. కారం తక్కువ, పొగ వాసన ఎక్కువ. రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. అమ్మకి ఒక డబ్బా కొనాలి.

భోజనాల దగ్గర గైడుని అడిగాను, ఆ ఆవులు మళ్ళీ కిందకి ఎప్పుడు వెళ్తాయని. మొదటి మంచు పడే లోపు, నవంబరులో, ఇదే బాటన. గుర్రం మీద రోజంతా కూర్చోగలిగినవాళ్ళని ఒకరిద్దరిని ఆ కాపర్లు వెంట రానిస్తారట. పెద్దాయన నంబరు తన దగ్గర ఉందంది. నేను చెల్లి వైపు చూశాను. “అక్కా, నాకప్పుడు పరీక్షలు, నువ్వెళ్ళు,” అంది వెంటనే. వెళ్తాను. సోమవారం ఆఫీసు తెరవగానే నవంబరు సెలవుకి మెయిల్ పెడతాను, ఈలోపు పశువుల కర్ర పట్టుకోవడం నేర్పమని రేపు పొద్దున్నే గైడుని అడుగుతాను.