అమ్మానాన్నలతో లేక్ డిస్ట్రిక్ట్: కారు ఒకచోట పెట్టేయండి

జూన్, జూలైల్లో అమ్మానాన్నలు ఇంగ్లండ్ వస్తే, లండన్ చూపించాక అందరూ అనుకునే పేరు లేక్ డిస్ట్రిక్టే, ఇంగ్లండ్ వాయవ్యాన కొండలు, సరస్సుల ప్రాంతం. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ వైపు మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. తెల్లారి బయల్దేరి, నాలుగు సరస్సులు చుట్టేసి, రాత్రికి ఇల్లు చేరాలనుకుంటారు. తిరుపతి, కాణిపాకం, శ్రీకాళహస్తి ఒక్కరోజులో ముగించినట్టు ఇక్కడ కుదరదు. మ్యాపులో పది మైళ్లే కనిపిస్తాయి. కానీ లోయల్లోకి వెళ్లే రోడ్లు రాతిగోడల మధ్య సన్నగా మెలికలు తిరుగుతాయి, ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయాల్సిందే. ఇక ఎండ కాసిన శని, ఆదివారాల్లో ఆలస్యంగా చేరితే పార్కింగ్ గగనమే.

కనీసం మూడు రోజులు పెట్టుకుని ఒకే ఊళ్లో దిగండి. చాలామంది విండర్‌మీర్ బుక్ చేస్తారు, కానీ ఆ ఊరు సరస్సు ఒడ్డున లేదు! 1847లో రైలు వచ్చినప్పుడు స్టేషనుకు సరస్సు పేరు పెట్టారు, దాని చుట్టూ పెరిగిన ఊరికీ అదే పేరు స్థిరపడింది. నీళ్లు కనబడాలంటే ఒడ్డునున్న బౌనెస్ అనే ఊరి దాకా మైలున్నర దిగాలి. పెద్దవాళ్లతో వెళ్తే మా ఓటు కెజిక్‌కే. (స్పెల్లింగులో డబ్ల్యూ ఉంటుంది, పలకరు.) ఎం6 మోటర్‌వే మీద 40వ జంక్షన్ దగ్గర దిగితే అక్కడి నుంచి దారి వెడల్పుగానే ఉంటుంది. రైల్లో వచ్చేవాళ్లు పెన్రిత్‌లో దిగి బస్సు ఎక్కాలి.

కెజిక్ ఊరి మధ్య నుంచి డెర్వెంట్‌వాటర్ అనే సరస్సు లాంచీల రేవుకు పది నిమిషాల నడక, అంతా చదునే. పాపికొండల లాంచీలా భోజనం, డాన్సులు ఉండవు. ఇది సరస్సు చుట్టూ తిరిగే బస్సు లాంటిది. కెజిక్‌తో కలిపి ఏడు రేవులు, పూర్తి చుట్టుకు దాదాపు 50 నిమిషాలు. కొన్ని కుడివైపుగా, కొన్ని ఎడమవైపుగా తిరుగుతాయి కాబట్టి ఎక్కేముందు అడగండి. హై బ్రాండెల్‌హౌ దగ్గర దిగి, ఒడ్డు వెంబడి అడవిలో మెల్లగా నడిచి హాజ్ ఎండ్‌లో మళ్లీ ఎక్కడం పెద్దవాళ్లకు సరిపోయే నడక. ఈ బ్రాండెల్‌హౌ అడవిని ప్రకృతి స్థలాలను, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ 1902లో జనం చందాలతో కొన్నది. చివరి లాంచీ టైము బోర్డును దిగగానే ఫోటో తీసుకోండి. అది తప్పితే మోకాళ్ల నొప్పులున్నవాళ్లను నడిపించుకు రావాలి.

హాజ్ ఎండ్ నుంచే క్యాట్‌బెల్స్ అనే కొండ ఎక్కుతారు. ఎత్తు 451 మీటర్లే కదా అని నాన్నను తీసుకెళ్లకండి. పైన చేతులు ఆనించి ఎక్కాల్సిన బండలున్నాయి, జనం తొక్కీ తొక్కీ నున్నబడ్డాయి. దిగేటప్పుడు, అందులోనూ వాన పడితే, జారేది అక్కడే.

వాన పడితే ఏమిటి, పడుతుంది. అట్లాంటిక్ నుంచి వచ్చే తేమగాలి ఈ కొండలకు తగిలి పైకి లేచి చల్లబడుతుంది. ఈ సరస్సుకు ఎగువన సీత్‌వెయిట్ అనే పల్లెలో ఏడాదికి 3,000 మి.మీ. పైనే కురుస్తుంది. హైదరాబాదుకు 800 చిల్లర. గొడుగు గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న రెయిన్‌కోటు నయం. జీన్స్ తడిస్తే ఆ రోజుకు ఆరవు. చీరే కట్టుకుంటానంటే అమ్మను కాస్త పైకి కట్టుకోమనండి, తడిగడ్డిలో కుచ్చిళ్లు బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. చెప్పులు మాత్రం వద్దు, బూట్లే.

దారిలో గొర్రెల దగ్గర కాస్త ఆగండి. ఇక్కడి హెర్డ్‌విక్ జాతి గొర్రెపిల్ల నల్లగా పుడుతుంది, పెరిగేకొద్దీ ఒళ్లు బూడిదరంగుకు తిరుగుతుంది, మొహం తెల్లబడుతుంది. తల్లినీ పిల్లనూ పక్కపక్కన చూస్తే వేరే జాతులేమో అనిపిస్తుంది.

ఒకరోజు 555 బస్సెక్కి గ్రాస్‌మియర్ అనే పల్లెకు వెళ్లండి. చర్చి ఆవరణలో కవి వర్డ్స్‌వర్త్ సమాధి, గేటు పక్కనే 1854 నాటి వంటకంతో జింజర్‌బ్రెడ్ (అల్లం బిస్కెట్టు లాంటిది) అమ్మే బుల్లి కొట్టు. మన అల్లం మురబ్బా ఘాటు ఊహించుకోకండి. ఎండగా ఉన్నా పిల్లల్ని ఒక్కసారిగా సరస్సు నీళ్లలోకి దూకనివ్వకండి, ఆ చలికి ఊపిరి ఎగబీల్చి నీళ్లు మింగేస్తారు. విండర్‌మీర్ సరస్సులో పచ్చరంగు ఒలికినట్టు తెట్టు కనిపిస్తే కాలు కూడా పెట్టొద్దు. మురుగు, పొలాల ఎరువుల నుంచి చేరే ఫాస్ఫరస్‌తో పెరిగే విషపు నాచు అది.

తిండి సంగతి: పల్లెల్లో పబ్బు వంటిళ్లు ఎనిమిదిన్నరకో తొమ్మిదికో మూసేస్తారు, చీకటి పడేదేమో పదింటికి. వెలుగు చూసి ఇంకా టైముందనుకుంటే పస్తే. వంటిల్లున్న బస తీసుకుని మొదటిరోజుకు పులిహోర కలిపి పట్టుకెళ్లండి. తిన్నాక కెజిక్ రేవు దాటి, సరస్సులోకి చొచ్చుకొచ్చిన ఫ్రయర్స్ క్రాగ్ అనే రాతిగుట్ట దాకా నడవచ్చు. గాలి లేని సాయంత్రం చెట్ల కింద మిడ్జ్ అనే నలుసంత పురుగులు కుడతాయి, నీళ్ల అంచున గాలి తగిలేచోట నిలబడండి.