గేట్ డీఏలో పైథాన్: పేర్లు చూసి ఆన్సర్ పెట్టకండి, బాణాలు గీయండి

గేట్‌లో డీఏ (డేటా సైన్స్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్) పేపర్ 2024లో కొత్తగా పెట్టారు కదా, అందులో ప్రోగ్రామింగ్ అంటే పైథానే. శ్రీకాకుళంలో దీనికి కోచింగ్ ఏటుంది అని ఇదైపోకండి, ఈ టాపిక్ వరకు తెల్లకాగితం, ఫోన్లో పైథాన్ ఉంటే సరిపోద్ది, నేను ఆమదాలవలస స్టేషన్లో ట్రైన్ కోసం కూర్చున్నప్పుడే సగం చేసేసేదాన్ని.

అసలు మెలిక ఎలియాసింగ్‌లో, అంటే ఒకే వస్తువుకి రెండు పేర్లుండడంలో ఉంది. ఎక్స్ = [1, 2, 3] అని రాసి వై = ఎక్స్ అంటే రెండో లిస్టు పుట్టదు, ఉన్న ఒక్క లిస్టుకే రెండో పేరు వచ్చిందంతే, కాగితం మీద ఎక్స్ నుంచి, వై నుంచి చెరో బాణం ఆ ఒక్క లిస్టుకే గీయండి. మన అరసవల్లి సైడు రేషన్ కార్డులో సూర్యనారాయణ ఇంట్లో సూరిగాడు అవుతాడు, మరి సూరిగాడికి గుండు కొట్టించేస్తే సూర్యనారాయణకి జుట్టు మిగుల్తాదేటి? వై.అపెండ్(4) అని చివర 4 చేర్చి ఎక్స్ ప్రింట్ చేసినా 4 కనబడేది అందుకే. వై = వై + [4] అంటే మాత్రం కొత్త లిస్టు తయారై వై దానికి పోద్ది, ఎక్స్ అలాగే ఉంటాది, అదే వై += [4] అని రాస్తే పాత లిస్టే మారిపోద్ది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, నా లెక్కలో ప్రాక్టీస్ మొత్తం ఈ రెంటి చుట్టూ తిప్పినా తప్పులేదు. [[0]*3]*3 కూడా ఇదే బాపతు, లోపల మూడు వరసలూ ఒకే లిస్టు, ఒకచోట మారిస్తే మూడుచోట్లా మారతాది. స్లైస్‌తో (ఎక్స్[:] అని) కాపీ తీసినా పైపొరే కొత్తది, లోపలి లిస్టులు పాతవే, పూర్తిగా విడగొట్టాలంటే డీప్‌కాపీ. ఇంకోటి, టీ = (1, [2]) పెట్టి టీ[1] += [3] చేసి చూడండి, ఇలా గుండ్రటి బ్రాకెట్లలో ఉండే టపుల్‌ని మార్చనివ్వదు కాబట్టి టైప్ ఎర్రర్ వస్తాది, కానీ లోపలి లిస్టు మాత్రం [2, 3] అయి కూర్చుంటాది, భలే వింతలే!

పేర్ల సంగతి చిన్నదే. క్లాసుకి ప్రతి మాటలో మొదటి అక్షరం క్యాపిటల్, ఫంక్షన్‌కి చిన్నక్షరాలు మధ్యలో అండర్‌స్కోర్, కాన్‌స్టెంట్‌కి అన్నీ క్యాపిటల్స్, ఇవన్నీ పెప్ 8 అనే పైథాన్ స్టైల్ గైడ్‌లో ఉన్నాయి, 2001 నాటిది. ఇది ఆనవాయితీయే, రూల్ కాదు, మ్యాక్స్ అని క్యాపిటల్స్‌లో పెట్టినా విలువ మార్చేస్తే పైథాన్ కిక్కురుమనదు. క్లాసులో పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు పెడితే మాత్రం (చివర కూడా రెండు లేకపోతే) నిజంగానే పేరుకి క్లాసు పేరు తగిలించేస్తాది, ఈ తేడా పట్టుకోండి.

ఎంసీక్యూ తప్పైతే ఒక మార్కు ప్రశ్నకి 1/3, రెండు మార్కులదానికి 2/3 కోస్తారు. అవుట్‌పుట్ ఎంతొస్తాది అని న్యాట్‌లో (ఆప్షన్లు లేకుండా నంబర్ మనమే కొట్టే ప్రశ్నలో) వస్తే నెగెటివ్ లేదు, గీసిన బాణాలు సగంలో ఆగినా ఏదో ఒక నంబర్ కొట్టేయండి.