పరస్పరమా, ఉమ్మడా?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. మ్యూచువల్ అనే ఇంగ్లీషు విశేషణాన్ని ఐదు వాక్యాల్లో ప్రయోగించి, ఒక్కోదాని కింద తెలుగు కూడా రాసుకురమ్మని మొన్న బడిలో చెప్పారట. మొదటి వాక్యం కింద 'రవి మా పరస్పర మిత్రుడు' అని రాసింది. ఇంగ్లీషులో తప్పేమీ లేదు గానీ, తెలుగు వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "నిఘంటువులో పరస్పర అనే ఉంది కదా నాన్నా!" అంది.

నిఘంటువులో ఉన్న మాట నిజమే. అయితే 'పరస్పర' అన్నచోట రాకపోకలుండాలి. నీ నుంచి నాకు, నా నుంచి నీకు ఏదో ఒకటి నడవాలి. పరస్పర గౌరవం, పరస్పర సహకారం, ఆఖరికి పరస్పర ద్వేషమైనా సరే, రెండు వైపులా ఉంటేనే ఆ మాట నిలుస్తుంది. మన ఇద్దరికీ తెలిసిన మూడో మనిషి రవి. అతను మనకు పొత్తే తప్ప పరస్పరం కాడు. పోనీ 'ఉమ్మడి మిత్రుడు' అందామా అంటే, ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి ఆస్తి గుర్తొచ్చి, రవిని ఎప్పుడు పంచుకుంటారో అన్నట్టుంటుంది. 'రవి మా ఇద్దరికీ స్నేహితుడు' అంటే సరిపోతుంది. అక్కడ విశేషణంతో పనే లేదు.

ఇంగ్లీషు పండితుల్లోనూ ఈ పేచీ ఉండేది. మూడో వ్యక్తికి మ్యూచువల్ చెల్లదని, కామన్ అనాలని కొందరు పట్టుబట్టారు. కామన్ అంటే నాసిరకమనే అర్థం కూడా స్ఫురిస్తుంది కాబట్టి జనం మ్యూచువల్‌నే వదల్లేదు. 1864-65లో ధారావాహికగా వచ్చిన డికెన్స్ నవల 'అవర్ మ్యూచువల్ ఫ్రెండ్' పేరులోనే ఆ ప్రయోగం ఉంది.

రెండో వాక్యం, ఆ భావం మ్యూచువల్ అనేది, 'ఆ భావన పరస్పరమైనది' అయింది. ఇలా ఎవరు మాట్లాడతారు? "నువ్వంటే నాకు ఇష్టం" అని ఒకరంటే, రెండోవారు "నాకూ అంతే" అంటారు.

చట్టాల్లో మాత్రం 'పరస్పర' చక్కగా ఒదిగింది. 1976లో హిందూ వివాహ చట్టంలో చేర్చిన 13బి సెక్షను పరస్పర అంగీకారంతో విడాకుల గురించి చెబుతుంది. 1995 నాటి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం పేరులోనే ఆ మాట ఉంది. రెండింటిలోనూ రెండు వైపులూ కనిపిస్తూనే ఉన్నాయి. ఇక మ్యూచువల్ ఫండ్‌ను తెలుగు చేయబోవడం వృథా శ్రమ. చీటీలు కట్టేవారికి కూడా అది మ్యూచువల్ ఫండే.

మ్యూచువల్‌కు మూలమైన లాటిన్ మాటకు అప్పుగా ఇచ్చిన, మార్చుకున్న అనే అర్థాలున్నాయని అమ్మాయికి చెప్పాను. రోమన్ న్యాయశాస్త్రంలో మ్యూటువమ్ అనే అప్పు ఒకటుంది. ధాన్యమో, నూనో, నాణేలో తీసుకున్నవాడు వాటినే తిరిగి తేనక్కరలేదు, అదే రకం, అంతే కొలత ఇస్తే చాలు; విడిగా ఒప్పుకుంటే తప్ప వడ్డీ లేదు. మనం చేబదులు అనేది ఇంచుమించు ఇదే. రాయలసీమ పల్లెల్లో ఈ రోజు నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు అని కూలి లేకుండా చేసుకునే పనిని ముయ్యి అంటారు. మ్యూచువల్‌తో దానికి చుట్టరికమేమీ లేదు, చెవికి అలా తోస్తుందంతే.

ఇంతలో వాళ్లమ్మ వంటింట్లోంచి, పోయిన వారం పక్కింటి పిన్నిగారి దగ్గర తెచ్చిన గ్లాసుడు పంచదార ఇచ్చి రమ్మని కేకేసింది. ఆవిడ అంచుల దాకా కొలిచి ఇస్తే, మా గ్లాసు మాత్రం పైన కాస్త గోపురం కట్టి వెళ్లింది. తిరిగొచ్చిన అమ్మాయి ఐదో వాక్యం రాసుకుంది: 'మాకూ పక్కింటివాళ్లకూ పంచదార చేబదుళ్లు నడుస్తుంటాయి.' దానికి ఇంగ్లీషు వాక్యం ఇంకా కుదరలేదు.