నర్సు అడిగిన ఎదురు ప్రశ్న

మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు నాకు అన్నీ తెలుసనే ధీమాతో ఉన్నాను. చదువుకున్నదాన్ని, ఏ సందేహం వచ్చినా ఫోను ఉండనే ఉంది. గర్భిణుల తరగతికి రమ్మంటే విసుగ్గానే వెళ్ళాను. నగరంలో అన్ని ప్రాంతాల వాళ్ళూ ఉంటారు కదా, ఆ గదిలో పదిమందిమి కూర్చుంటే అయిదు భాషలు వినిపించేవి. ఇందులో ఎవరికి ఏం తలకెక్కుతుందిలే అనుకున్నాను.

నా తెలివి మొదటి రోజే బయటపడింది. ఎన్ని వారాలని నర్సు అడిగితే "నాలుగో నెల" అన్నాను. ఆవిడ చివరి నెలసరి మొదలైన తేదీ అడిగి, చేతిలోని అట్ట చక్రం తిప్పి, "పద్దెనిమిది వారాలు" అంది. నెల తప్పిన దగ్గర నుంచి నేను లెక్కపెట్టుకుంటున్నాను. ఆసుపత్రి లెక్క చివరి నెలసరి తొలి రోజు నుంచి మొదలై 40 వారాలకు ముగుస్తుంది. నా లెక్కనే నమ్ముకుని ఉంటే, 24 నుంచి 28 వారాల మధ్య చేయించాల్సిన చక్కెర పరీక్షకు ఆలస్యంగా వెళ్ళేదాన్నేమో.

ఐరన్ మాత్రల గురించి ఆవిడ చెప్పినప్పుడు అందరం తల ఊపాం. అప్పుడు అడిగింది: "సరే, ఇంటికెళ్ళి మీ వాళ్ళకు ఏమని చెబుతారు? నాకు చెప్పి చూపించండి." గది నిశ్శబ్దమైపోయింది. చివరికి నా పక్కనున్నావిడ, రోజూ టీతోనే మాత్ర వేసుకుంటున్నానని దుబాసీ ద్వారా చెప్పింది. టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదని అంతకు ముందే విన్నాం, తలా ఊపాం! ఇంకొకావిడ విరేచనం నల్లగా వస్తోందని భయపడి మాత్రలే మానేసింది. మాత్రల వల్ల అలా అవడం మామూలేనని ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఇక నా సంగతి: కాల్షియం, ఐరన్ రెండూ ఒకే గుక్కలో మింగుతున్నాను. ఒకటి రెండోదాన్ని ఒంటికి పట్టనివ్వదట.

ఒక రోజు ఒకావిడ పదేళ్ళ కూతురిని వెంట తెచ్చుకుంది, తన మాటలు నర్సుకు అర్థమయ్యే భాషలో చెప్పడానికి. తల్లి ఏదో అడిగింది. పిల్ల నేల చూపులు చూస్తూ "అమ్మకు నొప్పిగా ఉందంట" అని ఊరుకుంది. నర్సు అక్కడితో ఆపి, పిల్లను బయట బొమ్మల దగ్గర కూర్చోబెట్టి, ఫోనులో దుబాసీని పట్టుకుంది. అసలు విషయం నొప్పి కాదు, రక్తం కనబడుతోంది. ఆవిడను అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి పంపారు. అంత మాట కూతురి నోట అడిగించాల్సి వచ్చిన ఆ తల్లిని తలచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ముప్పై మూడో వారంలో నా వంతు వచ్చింది. మధ్యాహ్నం నుంచి బిడ్డ కదలికలు తగ్గాయి. నెలలు నిండే కొద్దీ చోటు చాలక బిడ్డ కదలదని ఇంట్లో పెద్దవాళ్ళు ధైర్యం చెప్పారు. తెల్లవారాక వెళదామని మా ఆయన అన్నారు. ఆ మాటలు రెండూ తప్పు అని తరగతిలో నేనే నా నోటితో చెప్పాను: కదలికలు చివరిదాకా ఉండాలి, తగ్గితే పొద్దుటిదాకా ఆగకూడదు. విని ఊరుకున్న మాటైతే ఆ రాత్రి నాకు గుర్తొచ్చేది కాదు. చెప్పిన మాట గనక గుర్తొచ్చింది.

రాత్రి పదకొండింటికి ఆసుపత్రిలో పొట్టకు పట్టీలు కట్టారు. బిడ్డ గుండె టకటకా కొట్టుకుంటున్న చప్పుడు గదంతా నిండింది. అంతా బాగానే ఉందన్నారు. అనవసరంగా వాళ్ళను ఇబ్బంది పెట్టానేమోనని సిగ్గుపడుతూ మంచం దిగుతుంటే అక్కడి నర్సు కూడా అదే పద్ధతిలో అడిగింది: "రేపు మళ్ళీ ఇలాగే అయితే ఏం చేస్తారు?"

"మళ్ళీ ఇక్కడికే వస్తాను, ఎన్నింటికైనా సరే" అన్నాను. మా ఆయన అప్పటికే కారు తాళాలు ఎక్కడ పెట్టారో వెతుక్కుంటున్నారు.