చదువు పద్నాలుగేళ్లది, మనసు ఎనిమిదేళ్లది: ప్రతిభ గల పిల్లలకు పుస్తకాలు ఎంచడం

ఎనిమిదేళ్ల పిల్ల పద్నాలుగేళ్ల వాళ్ల నవల గడగడా చదివేస్తుంటే ఇంట్లో అందరికీ సంబరమే. ఆ వారంలోనే రాత్రి దీపం ఆర్పితే ఏడుపు మొదలవుతుంది. పుస్తకంలో ఆమెకు తెలియని మాట ఒక్కటీ లేదు. కానీ మధ్యలో ఎక్కడో ఒక తల్లి చనిపోయే ఘట్టం ఉంది. అది ఆ వయసు మోయగలిగేది కాదు. చురుకైన పిల్లలకు పుస్తకాలు ఎంచేటప్పుడు అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. భాష అందితే పుస్తకం మొత్తం అందినట్టే అనుకుంటాం.

చూడాల్సినవి మూడు: భాష ఎంత కష్టం, ఆలోచన ఎంత లోతు, మనసు మీద బరువెంత. పుస్తకం చదవడం ఎంత కష్టమో అంకెల్లో చెప్పే లెక్సైల్ లాంటి కొలతలు మొదటిదాన్నే పట్టుకుంటాయి. వాక్యాల పొడవు, మాటలు ఎంత వాడుకలో ఉన్నాయనేది లెక్కగట్టి అంకె ఇస్తాయి. అందుకే వలస కూలీల ఆకలి, చావులు నిండిన స్టైన్‌బెక్ నవల ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’కు 680 వస్తుంది. అంటే రెండు, మూడు తరగతుల స్థాయి! అట్ట వెనక అంకె చూసి పుస్తకం కొనేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తు పెట్టుకుంటే చాలు.

భాషను ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఐదు వేళ్ల పద్ధతి చాలామందికి తెలిసిందే: ఒక పేజీ చదివిస్తూ తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనాలి, ఐదూ ముడిస్తే పుస్తకం కష్టమని. ఈ పిల్లల విషయంలో దీనికి రెండు మార్పులు అవసరం. మొదటి పేజీ వద్దు, మధ్యలో పేజీ తీయండి. పాఠకుణ్ణి లోపలికి లాగడానికి రచయితలు మొదటి పేజీని తేలిగ్గా నడుపుతారు. రెండోది, వేళ్లు ముడవలేదని నమ్మేయకండి. మాటను చకచకా పలకగలిగి అర్థం తెలియని పిల్లలు ఉంటారు. పుస్తకం మూయించి, “ఇందాక ఆ అబ్బాయి అలా ఎందుకు చేశాడు?” అని అడగండి. ‘ఏం చేశాడు’ అని కాదు, ‘ఎందుకు’ అని. జవాబు పేజీలో నేరుగా లేకపోయినా చెప్పగలిగితే పుస్తకం అందినట్టే.

మనసు బరువు చూడటానికి మాత్రం దగ్గరదారి లేదు. పెద్దవాళ్లు ముందు చదవాల్సిందే. మొత్తం చదివే తీరిక లేకపోతే చివరి రెండు అధ్యాయాలు, మధ్యలో ఓ ఇరవై పేజీలు చూడండి. చావు, హింస, తల్లిదండ్రులు విడిచి వెళ్లడం లాంటివి చాలావరకు అక్కడే బయటపడతాయి. అవి ఉన్నాయని పుస్తకాన్ని దాచేయనక్కర్లేదు. ఆ అధ్యాయం పగటిపూట, పక్కన కూర్చుని, కలిసి చదవండి.

తెలివైన పిల్లలే నాయకులుగా ఉన్న కథల దగ్గర కాస్త ఆగాలి. వీటిలో చాలా వాటికి ఒకే జబ్బు: తెలివి మంత్రంలా పనిచేస్తుంది, టీచర్లంతా మూర్ఖులు, తోటి పిల్లలంతా ఏడిపించేవాళ్లు. చదివే పిల్లవాడు ‘తెలివి ఉంటే కష్టపడక్కర్లేదు’ అని నేర్చుకుంటాడు. మొదటిసారి ఒక లెక్క రాకపోతే, తనకు తెలివి లేదనే నిర్ణయానికి వచ్చేస్తాడు. 1998లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ముల్లర్, డ్వెక్ ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో ఇదే కనిపించింది. తెలివిని పొగిడించుకున్న పిల్లలు, ఒక కష్టమైన పరీక్షలో తప్పాక, శ్రమను పొగిడించుకున్న వాళ్లకంటే త్వరగా వదిలేశారు. కాబట్టి కథలో ఆ పిల్లవాడు కనీసం ఒక్కసారైనా తప్పు చేసి దిద్దుకున్నాడా, తనంత తెలివి లేని స్నేహితుడు ఒక్కడైనా ఉన్నాడా అని చూడండి. రెండూ లేకపోతే ఆ కథ ఇలాంటి పిల్లల గురించి రాసిందే అయినా వాళ్లకు పనికిరాదు.

సైన్సు పుస్తకాలకు ముందు ప్రచురణ సంవత్సరం చూడండి. 2006 ఆగస్టులో ప్లూటోను గ్రహాల జాబితాలోంచి తీసేశారు. అంతకుముందు పుస్తకాల్లో తొమ్మిది గ్రహాలుంటాయి. అయినా పాత పుస్తకాన్ని పారేయకండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఆకాశం మారిందా, మన లెక్క మారిందా అని అడగండి. ఈ పిల్లలకు ఇలాంటి ప్రశ్న గంటల తరబడి సరిపోతుంది. ‘వెయ్యి వింతలు’ తరహా సంకలనాలు మాత్రం ఒక్కటి చాలు. అవి జ్ఞాపకానికే పని చెబుతాయి. చివర పదసూచిక, బొమ్మల్లో అసలు పరిమాణం తెలిపే కొలత గీత, ‘ఇది ఇంకా తేలలేదు’ అని ఒప్పుకునే వాక్యం ఉన్న పుస్తకం మేలు.

గణితంలో పై తరగతి పుస్తకం చేతికిచ్చేయడం తేలిక, ఫలితం తక్కువ. ఒక్కో లెక్కకు ఇరవై నిమిషాలైనా పట్టే పజిళ్ల పుస్తకం ఇవ్వండి. వెనక జవాబులే కాకుండా సాధన మొత్తం ఉండాలి. తన దారికీ రచయిత దారికీ తేడా చూడటంలోనే నేర్పు వస్తుంది. పదహారేళ్ల వయసులో రామానుజన్ చేతికి వచ్చిన, జి. ఎస్. కార్ రాసిన గణిత పుస్తకంలో వేల సూత్రాలున్నాయి, నిరూపణలు మాత్రం చాలా తక్కువ. ఆ ఖాళీలు నింపుతూనే ఆయన పెరిగారు. కానీ అలాంటి పుస్తకాన్ని అందరి మీదా రుద్దితే చాలామంది బెదిరిపోతారు.

ఇక తల్లిదండ్రుల కోసం రాసిన పుస్తకాలు. ఐక్యూ అంకె చుట్టూనే తిరిగేవాటిని పక్కన పెట్టండి. 1921లో మనస్తత్వ శాస్త్రవేత్త టెర్మన్ ఎక్కువ ఐక్యూ ఉన్న పిల్లల మీద మొదలుపెట్టిన అధ్యయనానికి పరీక్షించిన పిల్లల్లో షాక్లీ, అల్వారెజ్ ఇద్దరూ అంకె చాలక బయటే ఉండిపోయారు. తర్వాత ఇద్దరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 1942లో అచ్చయిన, మనస్తత్వ శాస్త్రవేత్త హాలింగ్‌వర్త్ పుస్తకం పాతదే, కానీ ఇప్పటికీ పనికొస్తుంది. ఐక్యూ 180 దాటిన పన్నెండు మంది పిల్లలను దగ్గరగా గమనించి రాసిన పుస్తకం అది. పెద్దల బుద్ధి, పిల్లల మనసు ఒకే చిన్న శరీరంలో ఇమడటం ఎంత కష్టమో అందులో తెలుస్తుంది.

పిల్లలు పుస్తకాన్ని మధ్యలో వదిలేస్తే పూర్తి చేయమని పట్టుబట్టకండి. వదిలిన పేజీలో ఒక చీటీ పెట్టి, దాని మీద తేదీ రాసి, పుస్తకాన్ని చేతికందే అరలోనే ఉంచండి. ఆరు నెలల తర్వాత ఆ చీటీ దగ్గరే మళ్లీ తెరిచి చూపించండి.