నిమ్ము అనుకున్నాం

2024 కార్తీకమాసంలో మొదలైంది నాకు దగ్గు. తెల్లవారుజామున మహేంద్రతనయలో స్నానాలు చేసినందుకు పడిశం పట్టిందనుకున్నాను. పర్లాకిమిడిలో మా ఇంటి ముందుగదే నా కుట్టు దుకాణం. పొద్దస్తమానం గుడ్డల నూగులోనే కూర్చుంటాను కనక, పడిశం తగ్గాక కూడా దగ్గు పోకపోతే ఆ నూగు వల్లే అనుకున్నాను.

మూడు వారాలు చూసి, సరిహద్దుకి అవతల ఒక ప్రైవేటు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. మా ఊరివాళ్ళకి అది మామూలే, ఏరు దాటితే ఆంధ్ర. ఆయన ఛాతీ ఎక్స్‌రే తీయించి, ఫిల్ము లైటుకేసి పట్టుకుని ఒకసారి చూసి, "నిమ్ము చేసిందమ్మా" అన్నారు. యాంటీబయాటిక్ రాశారు. తగ్గినట్టే తగ్గి పది రోజులకి తిరగబెట్టింది. ఈసారి ఇంకో రకం ఇచ్చారు. మళ్ళీ తగ్గింది, మళ్ళీ వచ్చింది. లీవోఫ్లాక్సాసిన్ లాంటి కొన్ని మందులు టీబీ క్రిమిని కొంతకాలం అణిచి ఉంచుతాయనీ, అందువల్ల జబ్బు బయటపడటం ఆలస్యమవుతుందనీ నాకు చాలా తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం, తగ్గుతోంది కదా, నిమ్మే అయ్యుంటుందని ధైర్యంగా ఉన్నాను.

సంక్రాంతికి నాకోసం కుట్టుకున్న జాకెట్టు వేసుకుంటే వదులైపోయింది. నా కొలతలు నాకు నోటికి వచ్చు. టేపు పెట్టి చూస్తే రెండంగుళాలు తేడా. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ఆడవాళ్ళ కొలతలు తీస్తున్నదాన్ని, ఎవరు చిక్కారో ఎవరు ఒళ్ళు చేశారో టేపు చూసి చెప్పేదాన్ని. నా ఒంటి సంగతి నేను చూసుకోలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం, రాత్రి దిండు తడిసేలా చెమటలు పట్టడం, ఇవి కూడా అప్పటికే ఉన్నాయి. పండగ పనుల అలసట అనుకున్నాను.

పండగ వెళ్ళిన వారం ఆశా దీదీ ఇంటికి వచ్చింది. వీధి చివరి బడిలో ఛాతీ ఎక్స్‌రే శిబిరం పెడుతున్నారట. మా అత్తకి అరవై దాటాయి కనక ఆవిడ పేరు రాసుకోవడానికి వచ్చింది. లోపల నేను దగ్గుతుంటే విని నా పేరూ రాసుకుంది.

ఎక్స్‌రే అంటే పెద్ద గది, ఇనప తలుపు అనుకుంటాం. అక్కడ ఉన్నది కెమెరాలాంటి పెట్టె. స్టాండు మీద బిగించారు. వీపు ఆ పెట్టెవైపుంచి, ఛాతీకి ఎదురుగా పలక పెట్టుకుని ఊపిరి బిగపట్టమన్నారు, అంతే. బల్ల మీద లాప్‌టాప్ ఉంది. నిమిషం గడవకముందే అందులో నా ఊపిరితిత్తుల బొమ్మ వచ్చింది. కుడివైపు పైభాగంలో ఎర్రటి మరక, పక్కన 91 అనే అంకె. అత్త బొమ్మలోనూ పైన రెండు పక్కలా ఎరుపు, అంకె 78. ఎక్స్‌రే తీసిన ఒడియా కుర్రాడు "భయపడకండి దీదీ, ఇది కంప్యూటర్ చెప్పిన మాట. కళ్లె పరీక్ష చేస్తే గానీ ఏదీ తేలదు" అని రెండు డబ్బాలు చేతిలో పెట్టాడు.

భయపడకుండా ఎలా ఉంటాను? నూటికి 91 అంటే పరీక్షలో మార్కుల్లా అనిపించింది నాకు. తరవాత జిల్లా ఆస్పత్రిలో టీబీ డాక్టరమ్మ విడమరిచి చెప్పారు. జబ్బు ఉన్నవాళ్ళవీ లేనివాళ్ళవీ లక్షల ఫిల్ములు చూపించి ఆ కంప్యూటర్ ప్రోగ్రాముకి నేర్పుతారట. కొత్త ఫిల్ము ఇస్తే, టీబీ ఫిల్ముల్లో కనిపించే నీడలు ఇందులో ఎంతవరకు ఉన్నాయో అంకెలో చెబుతుంది, ఎక్కడున్నాయో రంగు వేసి చూపిస్తుంది. 91 అంటే 91 శాతం టీబీ ఉందని అర్థం కాదు. ఏ అంకె దాటితే కళ్లె పరీక్షకి పంపాలో కార్యక్రమం నడిపేవాళ్ళు ముందే నిర్ణయించుకుంటారు. పదిహేనేళ్ళు నిండినవాళ్ళ ఎక్స్‌రేలను మనిషికి బదులు ఇలాంటి ప్రోగ్రాములతో చదివించి వడపోయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒప్పుకుంది. ముంబైలోని క్యూర్ డాట్ ఏఐ లాంటి మన దేశపు సంస్థలు కూడా వీటిని తయారుచేస్తున్నాయి.

టీబీ క్రిమిని పట్టే ట్రూనాట్ యంత్రం మీద నా కళ్లె పరీక్ష చేశారు. టీబీ ఉందని వచ్చింది. టీబీకి ముఖ్యమైన రిఫాంపిసిన్ మందుకి లొంగే రకమేనని కూడా అందులోనే తేలింది. అత్తకి లేదని వచ్చింది.

నేను పాత ఫిల్ము కూడా పట్టుకెళ్ళాను. డాక్టరమ్మ రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. మెడ కింద అడ్డంగా ఉండే ఎముక వెనక, చిన్న మబ్బు తునకలా, ఆ నీడ పాత ఫిల్ములో కూడా ఉంది. ఎముకలు అడ్డొచ్చే చోటు, తొందరలో చూస్తే తప్పిపోతుందన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ రెండు నెలలూ మా బాబు నా పక్కనే పడుకున్నాడు. సాయంకాలం గదినిండా రోగులతో ఉన్న ఒక డాక్టరు కన్ను అలిసిపోయి ఉండొచ్చు, కాదనను. అందుకే అలిసిపోని కన్ను ఒకటి పక్కన ఉండాలంటున్నాను. 2019–21లో దేశమంతా జరిపిన టీబీ సర్వేలో, ఎక్స్‌రే తీయకుండా లక్షణాలే అడిగి ఉంటే రోగుల్లో 42.6 శాతం మంది దొరికేవాళ్ళే కాదని తేలింది. దగ్గు కూడా లేనివాళ్ళు అంతమంది ఉంటే, వాళ్ళ ఫిల్ములన్నీ చదివే డాక్టర్లు మా కొండ ఊళ్ళకి ఎక్కణ్ణుంచి వస్తారు?

అత్తకి జబ్బు లేకపోతే ఆ ఎరుపేమిటని అడిగాను. "పాత మచ్చలు. ఎప్పుడో వచ్చి మానినట్టుంది. మానిన మచ్చకీ, రగులుతున్న జబ్బుకీ తేడా పట్టడంలో ఈ ప్రోగ్రాము పొరబడుతుంది" అన్నారు డాక్టరమ్మ. అత్త తల వంచుకుని కూర్చుంది. ఆస్పత్రిలో ఒక్క మాటా ఆడలేదు.

ఆ రాత్రి నా మంచం పక్కన పీట వేసుకు కూర్చుని చెప్పింది. "ఒలే, నాకూ వచ్చిందే ఈ జబ్బు. ఎవులికీ సెప్పనేదు." మా మరిది పుట్టినప్పుడు పురిటికి వెళ్ళిన అత్త ఏడాదిన్నర పుట్టింట్లోనే ఉండిపోయిందనీ, మామగారితో తగువుపడి రాలేదనీ మా వాళ్ళల్లో ఒక కథ ఉంది. తగువేం లేదు. సూదులు, మాత్రలు. అత్తవారికి తెలిస్తే వదిలేస్తారని వాళ్ళ అమ్మ, ఆవిడ కలిసి దాచారు. పసివాణ్ణి వేరే గదిలో పడుకోబెట్టి, ఏడుస్తుంటే తలుపు బయట కూర్చునేదట. ఇన్నేళ్ళూ మామగారికి తెలియదు, మా ఆయనకి తెలియదు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం చాలాసేపు అలాగే ఉన్నాం.

నా బరువు 41 కిలోలు కనక రోజుకి మూడు మాత్రలు. మొదటి రెండు నెలలూ నాలుగు మందులు కలిసిన మాత్ర, తరవాత నాలుగు నెలలు మూడు మందులది. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వస్తే హడలిపోయాను. "అది మందు రంగే, బెదిరిపోకు" అంది అత్త, కానీ ఆవిడ రోజుల్లో ఈ మందు వాడలేదట, డాక్టరమ్మ నాకు చెబుతున్నప్పుడు పక్కన నిలబడి విని గుర్తుపెట్టుకుంది. మూడో వారంలో మోకాళ్ళు, చీలమండలు నొప్పులు. వాంతులు. మాత్రలు చూస్తేనే కడుపులో తిప్పేది. రెండు రోజులు మానేస్తానన్నాను. అత్త గ్లాసుతో నీళ్ళు పట్టుకుని ఎదురుగా నిలబడేది, నేను మింగేదాకా కదిలేది కాదు. మా ఆయనకీ బాబుకీ పరీక్షలు చేసి, జబ్బు లేదని తేల్చుకుని, రాకుండా ఉండటానికి వారానికోసారి చొప్పున పన్నెండు వారాలు మందిచ్చారు. టీబీ రోగుల తిండికి ప్రభుత్వమిచ్చే నిక్షయ్ పోషణ్ కింద నెలకి వెయ్యి రూపాయలు లెక్కన బ్యాంకులో పడ్డాయి. గుడ్లకీ పాలకీ వాడాను.

మందులు మొదలుపెట్టాక రెండు వారాలు దుకాణం మూశాను. తెరిచాక, ఎవరడిగినా నిమ్ము చేసిందనే చెప్పేదాన్ని. ఒకరోజు బడి పంతులమ్మగారు జాకెట్టు ఇవ్వడానికి వచ్చి "ఏమైందమ్మా, ఇంత చిక్కిపోయావు?" అంటే అదే అబద్ధం చెప్పబోయాను. లోపలినుంచి అత్త వచ్చి "దానికి టీబీ అమ్మా. మందులు మింగుతోంది. నాకూ అప్పుట్లో వచ్చింది" అంది. నా గుండె ఆగినంత పనైంది. పంతులమ్మగారు కాసేపు ఊరుకుని, తన తమ్ముడికి నెల్లాళ్ళుగా దగ్గనీ, ఎక్కడ చూపించాలనీ అడిగారు. కొందరు బట్టలు తిరిగి పట్టుకెళ్ళిపోయారు, అదీ నిజమే.

రెండో నెలాఖరుకే కళ్లెలో క్రిమి కనబడలేదు. జులైలో మందులు అయిపోయాయి. 48 కిలోలకి వచ్చాను. ఆఖరిసారి ఎక్స్‌రే తీస్తే అంకె 91 నుంచి 57కి దిగింది, ఎరుపు మాత్రం కొంచెం మిగిలింది. మచ్చ ఉండిపోతుందనీ, ఇకముందు ఎక్కడ ఎక్స్‌రే తీసినా కంప్యూటర్ మళ్ళీ వేలు పెట్టి చూపించవచ్చనీ, అప్పుడు ఈ కాగితాలు ముందు పెట్టమనీ డాక్టరమ్మ చెప్పారు.

అత్త తన బొమ్మ కూడా అచ్చు తీసి ఇమ్మని అడిగి తెచ్చుకుంది. రెండు కవర్లూ ట్రంకుపెట్టెలో దాచే ముందు పైన రాయమంది. నాదాని మీద "2025, నయమైంది" అని రాశాను. ఆవిడకి ఏ ఏడాదో సరిగ్గా గుర్తులేదు. మా మరిది పుట్టిన ఏడు లెక్కకట్టి, 1985 అని రాశాను.