తల ఊగే బొమ్మ

నవంబరు 9, ఆదివారం

రాత్రి కాకినాడలో పెళ్లి పని ముగిసేసరికి రెండయింది. అయినా పొద్దున్న ఏడున్నరకల్లా సామర్లకోటలో అత్తయ్య ఇంటి ముందున్నాను. ఆవిడ వీధరుగు తూర్పు ముఖం. ఈ నెలలో ఎనిమిది ప్రాంతాల ఎండ పక్కనుంచి వాలుగా పడుతుంది, తొమ్మిది దాటితే పైకెక్కిపోతుంది.

ముందు పెన్షన్ పని చూశాను. మావయ్యది రైల్వే ఉద్యోగం కాబట్టి ఏటా నవంబరులో అత్తయ్య తను బతికున్నట్టు చూపించుకోవాలి. ఇప్పుడు ఫోన్‌లోనే అయిపోతోంది. ముఖం ఎదురుగా పెట్టి ఒకసారి కళ్లు ఆర్పమంటుంది. రెండోసారికి అయింది. "రెప్ప కొడితే చాలా, బతికున్నట్టేనా?" అంది అత్తయ్య. ఆ మాట రోజంతా నన్ను వదల్లేదు.

అత్తయ్యకి తల ఊగుతుంది. ఏడెనిమిదేళ్లయింది. అడ్డంగా, సన్నగా, ఆగకుండా. భయపడాల్సిందేం కాదు, వయసుతో వచ్చే వణుకు అన్నారు డాక్టరుగారు. కూరల బండికి కొత్తవాడు వస్తే ఆవిడ వద్దంటోందనుకుని ముందుకి తోసుకుపోతాడు. అది మొదలైన దగ్గర్నుంచీ అత్తయ్య ఫోటో దిగడం మానేసింది. మా చెల్లి పెళ్లి ఆల్బం మొత్తంలో ఆవిడ ఒక్కచోట లేదు. ఆ పెళ్లి తీసింది నేనే.

ఫోటో అంటే కదలకూడదన్నది మొదట్నుంచీ ఉన్నదే. నూట యాభై ఏళ్ల కిందట ఒక్క బొమ్మ పడాలంటే కొన్ని సెకన్లపాటు బిగదీసుకుని ఉండాల్సి వచ్చేది. స్టూడియోల్లో మనిషి వెనక ఇనప స్టాండు పెట్టి, దాని కొక్కెం తల వెనక ఆనించేవారు, ముందుకి కనబడకుండా. ఇప్పుడు సెకనులో వెయ్యో వంతులో బొమ్మ పడిపోతోంది. కొక్కెం పోయింది గానీ "కదలకండి" అనే మాట పోలేదు. నేనూ రోజుకి వందసార్లు అంటాను.

అందుకే నాలుగేళ్లుగా పెళ్లిళ్ల మధ్య ఖాళీ దొరికితే కదిలే బొమ్మలు చేస్తున్నాను. 2011లో న్యూయార్క్‌లో జేమీ బెక్, కెవిన్ బర్గ్ ఇలాంటి వాటికి సినిమాగ్రాఫ్ అని పేరు పెట్టారు. బొమ్మంతా నిలిచి ఉంటుంది, ఒక్కచోట మాత్రం కదులుతుంది: జుట్టుపాయో, కాఫీ మీది ఆవిరో. మొదలూ చివరా తెలియకుండా తిరుగుతూనే ఉంటుంది. మనిషి ముఖం తీసేటప్పుడు ఏది కదలాలి, ఏది ఆగాలి అన్నదే అసలు పని. మిగతాది ఓపిక.

ట్రైపాడ్ బిగించి, ఫోకసూ వెలుగూ చేత్తో కట్టేసి, సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో యాభయ్యో వంతు పెట్టాను. "కదలకు" అనలేదు. "అత్తా, ఆ చింతచెట్టు కేసి చూస్తూ కూచో" అన్నాను, అంతే. నాలుగు నిమిషాలు కూచుంది. ముందు నావైపు దొంగచూపులు చూసింది. తర్వాత నన్ను మరిచిపోయింది. చెయ్యి దానంతటదే పమిట చెంగు మడతలు పెట్టుకోసాగింది.

మధ్యాహ్నం ముద్దపప్పూ ఆవకాయా తిని, హాల్లో లాప్‌టాప్ తెరిచాను. ఫ్రేము తర్వాత ఫ్రేము జరుపుతూ లెక్కపెడితే ఒక్కో ఊపుకి ఆరు ఫ్రేములు. ఎక్కడ చూసినా దాదాపు ఆరే. ఆరు గుణిజంలో కోస్తే తల ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి ఆగుతుంది, అతుకు తెలియదు. ఊపిరి మాత్రం కలవలేదు. దాని కోసం గంటన్నర వెతికి చివరికి 144 ఫ్రేముల ముక్క పట్టాను, ఆరు సెకన్లకి కొంచెం తక్కువ. ఇన్నేళ్లుగా ఆవిడ దాచుకుంటున్న వణుకే నాకు లయ కట్టి పెట్టింది.

వేగం తగ్గించి కూడా చూశాను. 1964-66 మధ్య అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ మనుషుల్ని కెమెరా ముందు ఊరికే కూర్చోబెట్టి, 24 ఫ్రేముల వేగంతో తీసినవాటిని 16తో ఆడించి చూపించేవాడు. ముఖాలు నీళ్లలో ఉన్నట్టుంటాయి. అత్తయ్యకి అది నప్పలేదు. వేగం తగ్గితే వణుకు కాస్తా "కాదు, కాదు" అని నిజంగా తల అడ్డంగా ఊపినట్టయింది. కూరల బండివాడి పొరపాటే నేనూ చేసినట్టు. ఉన్న వేగానికే తెచ్చేశాను.

రెండు బొమ్మలు చేశాను. ఒకదానిలో తల నిలబెట్టేశాను, చెంగు మడిచే వేళ్లు మాత్రం కదులుతాయి. రెండోది ఉన్నది ఉన్నట్టు.

చూపించే ముందు అమ్మకం సంగతి చెప్పాలి. ఇదివరకటి బొమ్మలు టెజోస్ అనే బ్లాక్‌చెయిన్ మీద, అంటే ఏ ప్రతి ఎవరిదో రాసిపెట్టే ఆన్‌లైన్ ఉమ్మడి చిట్టా మీద, పదేసి ప్రతులుగా పెట్టి, ఒక్కోటి నాలుగైదు వందలకి అమ్మాను. 2021 మార్చిలో క్రిస్టీస్ సంస్థ వేలంలో బీపుల్ అనే కళాకారుడి డిజిటల్ బొమ్మ 6 కోట్ల 93 లక్షల డాలర్లు పలికినప్పటి జాతర ఇప్పుడు లేదు. 2022 ఏప్రిల్ నుంచి మన దగ్గర ఇలాంటి లాభాల మీద 30 శాతం పన్ను కూడా. డబ్బు సంగతి ఆవిడకి చెప్పాలనిపించలేదు. చెప్పాల్సింది వేరు. కొన్నవాడికి దక్కేది ఆ ప్రతి తనదని చెప్పే చిట్టా. బొమ్మని మాత్రం ఎవరైనా చూడొచ్చు, ఒకసారి ఎక్కించాక నేను దించేద్దామన్నా దిగదు. 2021 నవంబరులో హిక్ ఎట్ నుంక్ అనే ఆన్‌లైన్ బొమ్మల అంగడిని ఉన్నట్టుండి మూసేసినా, అక్కడి బొమ్మలు ఐపీఎఫ్‌ఎస్‌లో, అంటే ఒకేచోట కాక చాలా కంప్యూటర్లలో ఫైళ్లు దాచే ఏర్పాటులో, ఉండబట్టి మిగిలిపోయాయి. ఇదంతా తనకి తెలిసే మాటల్లో చెప్పాను. "నేను పోయాక కూడానా?" అంది. "అవును అత్తా" అన్నాను.

తల నిలిచినదాన్ని ముందు చూసింది. "బాగుంది. ఎనిమిదేళ్ల కిందటి నేను" అంది. రెండోది పెట్టాను. కళ్లజోడు సర్దుకుని దగ్గరికి జరిగింది. అయిదారుసార్లు తిరిగింది బొమ్మ. తెర ముందు ఆవిడ తలా ఊగుతోంది, తెర మీద తలా ఊగుతోంది. ఒకటిరెండు ఊపులు కలిసి మళ్లీ విడిపోయాయి. నేను కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాను.

"అద్దంలో ఇంతలా తెలియదురా" అంది.

"తీసెయ్యమంటావా?"

"ఎందుకూ? ఇదే అమ్ముకో. నిలబెట్టింది ఇంట్లో దాచు, రేపు దండ వెయ్యడానికి కావాలి కదా. ఇది ముందు చెల్లికి పంపు. దాని ఆల్బంలో నేను లేను."

నాకు గొంతు పెగల్లేదు. లేవబోతూ తెర మీద వేలు పెట్టి, "వెనక దండెం మీద ఆ తువ్వాలేమిటి, అసహ్యంగా. అది మాత్రం తీసెయ్" అంది.

ఇప్పుడు పన్నెండూ పది. కాకినాడ వచ్చేశాను. చెల్లికి ఇంకా పంపలేదు. తువ్వాలు 144 ఫ్రేముల్లోనూ చెరిపేశాను. దాని నీడ మాత్రం అత్తయ్య భుజం మీద ఇంకా ఉంది, భుజంతో పాటు కదులుతోంది. అది రేపు చూడాలి.